కాలిన బండ కింద మంచం

తాండూరులో బండల ఇళ్ళున్న ఏ వాడకు పోయినా ఏసుదాసు మేస్త్రి పేరు వినిపిస్తుంది. ఫలానా కప్పు ఆయన వేసిందేనని, ఇన్నేళ్ళయినా చుక్క నీరు కారలేదని చెయ్యెత్తి చూపిస్తారు. ఆయన భార్య మార్త పేరు మాత్రం వాళ్ళ వాడ దాటి ఎవరూ ఎరగరు. ఎరగడానికి ఆమె ఏం చేసిందని అడిగితే జవాబు చెప్పడం కష్టమే. ఒక వానాకాలం ఆమె భయపడింది. ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోలేక, చెప్పినా నమ్మించలేక, తానే సగం నమ్మలేక, చంటిపిల్ల గుడ్డలు దులుపుతూ రోజులు గడిపింది.

మార్త పుట్టింది పెద్దేముల్ పక్కన ఒక పల్లెలో. తండ్రి యోబు సున్నపు బట్టీలలో పని చేసేవాడు. గనుల దగ్గర పనికిరాదని పారేసిన రాతిముక్కలను ఏరుకొచ్చి, ఒక వరస రాయి, ఒక వరస కట్టె పేర్చి, నిప్పు పెట్టేవాళ్ళు. బట్టీ రాత్రింబవళ్ళు కాలి, చల్లారి, విప్పే వేళకు రాళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. రంగు మారేది, బరువు తగ్గేది, ఆకారం మాత్రం చెక్కు చెదిరేది కాదు. నీళ్ళు చల్లినప్పుడే అసలు సంగతి బయటపడేది. బుసబుసమని పొగలు కక్కుతూ, పగిలి, పిండై కూలబడేవి.

చిన్నప్పుడొకసారి మార్త బట్టీలోంచి గుడ్డులా నున్నగా ఉన్న రాయొకదాన్ని ఏరుకుంది. చేతిలో పట్టుకుంటే పక్షి ఈకంత తేలికగా ఉందని ముచ్చటపడి ఒడిలో దోపుకుంది. వాగు దాటి వచ్చిన ఒడి అది, తడిసి ఉంది. ఇల్లు చేరేలోపు రాయి వేడెక్కి, పొంగి, నడుం మీద చర్మం ఊడదీసింది. యోబు ఆ కాలిన చోట వెన్న రాస్తూ బిడ్డను కోప్పడలేదు.

"మన్ను అగ్గిల వడితే గట్టివడ్తది బిడ్డా," అన్నాడు. "కట్టె వడితే బొగ్గయితది. ఇనుము వడితే వంగుతది. అన్నీ ఎమ్మటే చెప్తయి. రాయొక్కటే చెప్పది. కడుపుల వెట్టుకొని ఊకుంటది."

పోలీసు యాక్షన్ అయిన ఏడే మార్త పెళ్ళి జరిగింది. అప్పటికి ఏసుదాసు గనుల్లో బండ లేపే కూలీ. తాండూరు చివర గడ్డి గుడిసెలో కాపురం. కూతురు సంతోషమ్మ పాకే వయసులో, ఎండాకాలం గాలికి వాడలోని గుడిసెలన్నీ ఒకేసారి అంటుకున్నాయి. మార్త పిల్లను ఎత్తుకొని బయటపడింది తప్ప గిన్నె కూడా దక్కలేదు. ఆ బూడిదలో నిలబడి ఏసుదాసు ఒట్టు పెట్టుకున్నాడు, ఇక తన జన్మలో గడ్డి కింద పండుకోనని. గనిపని వదిలి కప్పులు వేసే ఒక ముసలి మేస్త్రి వెంట తిరిగాడు. దూలాల మీద నీలిబండలు పరవడం, సందుల్లో సున్నం కూరడం, పైన గచ్చు పోసి కొట్టడం నేర్చుకున్నాడు. కొన్నేళ్ళకు తన ఇల్లు తానే కట్టుకున్నాడు. రాతి గోడలు, మట్టి పూత, ముందొక గది, లోపలొక గది. మీద బండల కప్పు.

ఇల్లు కట్టించుకొనే వాళ్ళకు ఏసుదాసు ఒక మాట చెప్పేవాడు. "గడ్డి కప్పు అగ్గికి భయపడ్తది. పెంక కప్పు కోతికి భయపడ్తది. బండ దేనికీ భయపడది." ఈ మాట విని జనం నవ్వేవారు, ఆపైన ఆయనకే పని చెప్పేవారు. మార్త కూడా ఆ మాటకు నవ్వేది. ఆ కప్పు కింద ఆమె ఎన్నో ఏళ్ళు హాయిగా నిద్రపోయింది కూడా.

సంతోషమ్మను వికారాబాదులో ఇచ్చారు. అల్లుడు రైలు కట్ట మీద పనిచేసేవాడు. పెళ్ళయిన కొన్నాళ్ళకు పిల్ల నీళ్ళోసుకుందని కబురు వచ్చింది. తొలికాన్పు తల్లిగారింటనే కదా. మార్త ఎండాకాలం మొదలుకాగానే కాన్పు ఏర్పాట్లలో పడింది. బాలింతకు దినం తప్పకుండా వేడినీళ్ళు కావాలి, కాన్పు వానల్లో వస్తుంది, తడిసిన కట్టె అంటుకోదు. అందుకని కందికట్టె మోపులు తెప్పించి లోపలి గదిలో ఒక గోడ వారగా కప్పు దాకా పేర్చింది. పక్కన పిడకలు. కాన్పుకు ముందు వాటిని ముందు గది మూలకు మార్చుకోవచ్చులే అనుకుంది.

ఆదివారం ప్రార్థన ముగించుకొని వస్తుంటే వాడ మీద పొగ కనబడింది. గాలిదుమారం రేగిన పూట. ఎవరి పొయ్యిలోంచి లేచిన నిప్పురవ్వో వెనక కిటికీలోంచి పడి కందికట్టెకు అంటుకుంది. ఎండిన కందికట్టె మంట ఎట్లా ఉంటుందో తాండూరు వాళ్ళకు చెప్పనక్కరలేదు. లోపలి గది బట్టీలా రొదపెడుతోంది. ఇంట్లో ఎవరూ లేరు, అదొక్కటే మేలు. వాడంతా కుండలతో, బిందెలతో ఉరికొచ్చింది.

మార్త గడప దగ్గర నిలబడి అరిచింది. "కింద పోయుండ్రి. బండ మీద పోయకుండ్రి. పైకి పోయకుండ్రి."

ఆమె మాట ఎవరికి వినపడింది? పక్కింటి కిష్టప్ప బలమైనవాడు, మంచివాడు. మంట కప్పును నాకుతుంటే చూడలేక నిండు బిందె ఎత్తి మీదికే విసిరాడు. నీళ్ళు బండకు తగిలి ఆవిరై తిరిగొచ్చాయి. ఆ ఆవిరిలో మార్తకు ఒక చప్పుడు వినిపించింది. చెకుముకి రాయి కొట్టినట్టు, చిన్నగా, పొడిగా. చుట్టూ చూసింది. ఎవరి ముఖంలోనూ విన్న జాడ లేదు.

మంట ఆరి, గది చల్లారాక అందరూ లోపలికి పోయి చూశారు. గోడల మట్టి పూత కుమ్మరి ఆవంలో కాలినట్టు ఎర్రగా, గట్టిగా అయింది. తలుపు గొళ్ళెం వంకర పోయింది. వేపదూలం నల్లగా మాడింది. ఏసుదాసు బాడిసతో దాని బొగ్గు చెక్కి చూస్తే లోపల చెక్క పసుపు పచ్చగా, గట్టిగా ఉంది. బండలు మాత్రం ఒక్కటీ కదల్లేదు. దూలం నుంచి గోడ దాకా పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. కాకపోతే నీలిరంగు పోయి అడుగున ఇటుక ఎరుపు తిరిగాయి. కందికట్టె పేర్చిన చోటికి సరిగ్గా పైన, జానెడు మేర, ఎరుపు కూడా పోయి బూడిద పూసినట్టు తెల్లబడింది.

ఏసుదాసు చిన్న సుత్తితో ఒక్కొక్క బండనూ తట్టాడు. మంచి బండ కంచులా మోగుతుంది. ఇవీ మోగాయి. తెల్లబడ్డచోట కొంచెం తక్కువ మోగిందేమోనని మార్తకు అనిపించింది.

"చూసిన్రా? బండ కాలుతదా?" అన్నాడు ఏసుదాసు వాడ వాళ్ళతో. ఆయన ముఖంలో ఇల్లు కాలిన బాధ కంటే కప్పు నిలిచిన గర్వమే ఎక్కువ కనబడింది.

అందరూ పోయాక మార్త మెల్లగా మాట ఎత్తింది. "సంతోషి నాయినా, ఆ తెల్లగున్న బండ తీసెయ్యరాదు?"

"ఎందుకు?"

"బట్టీల రాయి గిట్లనే ఉంటుండె. మా నాయిన..."

"మీ నాయిన బట్టీల రాత్రింబగళ్ళు కాల్చెటోడు. గిది జరసేపు మండిన కందికట్టె. ఇల్లు బట్టీ గాదే, మార్తా. ఒకవేళ పైపైన కాలిందే అనుకో. నాలుగు వేళ్ళ మందం బండ. లోపలిదంత పచ్చి రాయే."

ఆ మాటలో న్యాయం ఉంది. అదే మార్తకు వచ్చిన తిప్పలు. మొగుడు తప్పని తేలితే కొట్లాడవచ్చు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, తన భయం చిన్ననాటి పుండు లేపిన సలుపే కావచ్చు. బట్టీలో అనుమానమొస్తే యోబు రాయిని చేతిలోకి తీసుకొని బరువు చూసేవాడు. ఎంత కాలిందో చెయ్యి చెప్పేది. కప్పు మీద పరిచి, గచ్చు పోసిన బండను ఎవరు చేతిలోకి తీసుకుంటారు?

"పోనీ, దానికి సున్నం కొట్టకు," అంది చివరికి. "నాకు కనవడనియ్యి. రంగు మారితెనన్న తెలుస్తది."

ఏసుదాసు సుత్తి సంచిలో వేసుకొని బయటికి పోయాడు. కూతుర్ని తీసుకురావడానికి మార్త రైలెక్కి వికారాబాదు పోయింది. వచ్చేసరికి ఇల్లు లోపలా బయటా తెల్లగా మెరుస్తోంది. నిప్పు తాకిన ఇంట్లోకి కడుపుతో ఉన్న పిల్లను సున్నం వెయ్యకుండా తేవడం ఆ వాడలో లేదు. మసి కింద పురుడు పోస్తే బిడ్డకు అరిష్టమంటారు. ప్రార్థనకు పోయేవాళ్ళూ అంటారు, పోనివాళ్ళూ అంటారు. ఏసుదాసు చేసింది అందరూ చేసేదే. మీదుమిక్కిలి తన కూతురి కోసమని కప్పుకు కూడా రెండు పూతల సున్నం కొట్టాడు.

"మంచిగ చేసినవ్ నాయినా," అంది సంతోషమ్మ తలెత్తి చూసి.

మార్త కూడా తలెత్తింది. ఎరుపు లేదు, బూడిదరంగు లేదు. ఏ బండ ఏదో కూడా ఆనవాలు దొరకలేదు. జ్వరమొచ్చినవాడి ముఖం మీద దుప్పటి కప్పి, నయమైందన్నట్టుంది. నవ్వి ఊరుకుంది.

మిరుగు కార్తె వానలు పట్టాయి. మంత్రసాని బుగ్గమ్మ వచ్చి కాన్పు చేసింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగున్నారు. లోపలి గదిలో నులకమంచం, తలాపున కుంపటి, కుంపట్లో వావిలాకు పొగ, కిటికీకి గోనెసంచి. పురుడు వెళ్ళేదాకా బాలింత గడప దాటకూడదు, గాలి సోకకూడదు. ముందు గదిలో వీధి తలుపు, వచ్చేపోయేవాళ్ళు, మేస్త్రి పనిముట్లు. అక్కడ బాలింతను ఉంచడమన్న మాటే లేదు.

బిడ్డకు స్నానం చేయించి పొత్తిళ్ళలో పెట్టేటప్పుడు మార్త మొదటిసారి చూసింది. గుడ్డ మీద తెల్లటి పొడి. చిటికెడు కూడా కాదు. దులిపింది. మరునాడు మళ్ళీ ఉంది. దులిపింది. వానకు గది చెమ్మెక్కిన కొద్దీ పొడి పెరిగింది. వేలితో తీసి చూసింది, నలిపి చూసింది, నాలుకకు రాసుకొని చూసింది. నాలుక చురుక్కుమంది. గోడకు కొట్టిన సున్నమైనా చురుక్కుమంటుంది, కాలిన రాయి సున్నమైనా చురుక్కుమంటుంది. సున్నం సున్నమే. రాలేది మొగుడు వేసిన పూతా, లేక పూత వెనక బండేనా? నాలుకకు తెలియలేదు, కంటికి తెలియలేదు. తెలియకుండా చేసింది ఆ పూతే.

కూతురితో అనడానికి లేదు. బాలింత భయపడితే పాలు ఎండిపోతాయి. మొగుడితో అన్నది ఒకసారి.

"కొత్త సున్నం రాలదా?" అన్నాడాయన.

"రాలుతది," అంది. నిజమే, రాలుతుంది.

అప్పటి నుంచి ఆమె చేసిందల్లా మంచం జరపడమే. కుంపటి సర్దే నెపంతో ఒక పూట ఇటు, ఇల్లు ఊడ్చే నెపంతో ఒక పూట అటు. ఏ బండ కింద ప్రమాదమో తెలియనప్పుడు ఎటు జరిపినా ఒకటేనని ఆమెకు తెలుసు. అయినా జరపకుండా ఉండలేకపోయింది. అన్నం వండుతుంటే చెవి లోపలి గదిలోనే ఉండేది. ఉరిమినా, కోడి కప్పు మీద నడిచినా పరుగెత్తుకొచ్చి గడప దగ్గర నిలబడేది.

"అవ్వా, నా మంచానికి కాళ్ళొచ్చినయా ఏంది?" అంది సంతోషమ్మ ఒకనాడు. "పొద్దుగాల లేస్తే కిటికి దిక్కున్న, ఇప్పుడు తలుపు దిక్కున్న."

"గాలి సోకుతదని, బిడ్డా."

"కిటికికి గోనె గట్టితివి, తలుపు మూస్తివి. నాకు ఊపిరే ఆడుతలేదు, ఇంక గాలేడికెళ్ళి వస్తది?"

మార్త నవ్వింది. నవ్వుతూనే పైకి చూసింది. సంతోషమ్మ కూడా పైకి చూడబోతే, "పిల్ల ఆకలిగొన్నట్టుంది, జూడు," అని మాట మళ్ళించింది.

ఆ వారం వికారాబాదు నుంచి వియ్యపురాలు భాగమ్మ మనవరాలిని చూడవచ్చింది. భాగమ్మ నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. వస్తూనే కాళ్ళు కడుక్కొని, కుంపటి మీద చేతులు కాచుకొని, పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. తల నిమిరింది. వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఇదేంది వదినె, పిల్లకు ఇప్పుడే తల నెరిసింది?" అని నవ్వి, గడపలో నిలబడ్డ ఏసుదాసు వైపు తిరిగింది. "అన్నా, ఊరందరి ఇండ్లు గట్టెటోడివి, నీ ఇంటి సున్నంల బంక కలపలేదా? గింత రాలుతున్నది."

ఏసుదాసుకు పౌరుషం వచ్చింది. "కలపకుండ వేస్తనా అక్కా? తుమ్మబంక నానవెట్టి కలిపిన. గోడ మీద చెయ్యి వెట్టి రాసి జూడు, అంటుతదేమో."

భాగమ్మ రాసి చూసింది. అంటలేదు. "అవు, గోడది గట్టిగనే ఉన్నది," అని పిల్ల వైపు తిరిగిపోయింది. ఆమెకు అది మాట వరసకు అన్న మాట.

మార్త చేతిలో వేడినీళ్ళ చెంబు ఉంది. దాన్ని కింద పెట్టింది. గోడకు వేసిందీ, కప్పుకు వేసిందీ ఒకటే సున్నం, ఒకటే బంక, ఒకటే చెయ్యి. గోడది నిలిచింది. కప్పుది రాలుతోంది. అంటే సున్నం కింద పట్టు వదిలిందేదో ఉంది. ఇది రుజువు కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. చెమ్మకు కావచ్చు. కుంపటి పొగకు కావచ్చు. అయినా ఇన్నాళ్ళూ అటూ ఇటూ ఊగిన మనసు ఆ క్షణంలో ఒక వైపుకు వాలిపోయింది. భాగమ్మ ఒళ్ళోంచి పిల్లను తీసుకుంది.

"సంతోషీ, లే బిడ్డా. ముంగటి అర్రలకు పోదాం."

"ఏందవ్వా?"

"లే అంటున్న."

భాగమ్మ లేచి అడ్డం నిలబడింది. "పురుడు ఎల్లకముందే గడప దాటిస్తవా వదినె? మతి ఉండే చేస్తున్నవా? గాలి సోకితే, సన్ని కొడితే ఎవరిది పాపం?"

"గాలికి దవాఖానల మందున్నది వదినె. ఈ కప్పు మీద వడితే మందు లేదు."

ఆ మాటతో గదిలో అందరూ పైకి చూశారు. సంతోషమ్మ కూడా చూసింది. ఆ పిల్ల ముఖంలో రక్తం ఇంకిపోవడం మార్త చూసింది. ఏ భయం పెట్టకూడదని ఇన్నాళ్ళు నోరు కట్టుకుందో ఆ భయం తన నోటితోనే పెట్టింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఒక చేత్తో పిల్లను, ఒక చేత్తో కూతుర్ని పట్టుకొని ముందు గదికి నడిపించింది. గమేళాలు, తాపీలు పక్కకు తన్ని, చాప పరిచి, వీధి తలుపు మూసి, తన రెండు చీరెలు అడ్డం కట్టింది.

ఏసుదాసు అదంతా చూస్తూ నిలబడ్డాడు. ఆయన కోపం మాటల్లోకి రావడానికి సమయం పట్టేది.

"నా కప్పు మీద నీకు నమ్మకం లేదు," అన్నాడు చివరికి. "రేపు కరణ్‌కోటల, కోట్‌పల్లిల నన్ను పిలిచి ఎవడన్న ఇల్లు గట్టించుకుంటడా? మేస్త్రి పెండ్లామే కప్పు కిందికెళ్ళి ఉరికిందంటరు."

"అంటే అననియ్యి."

"మంచిది," అని ఆయన లోపలి గదిలోకి పోయాడు. చెప్పులు విడిచాడు. బాలింత లేచిన మంచం మీద వెల్లకిలా పండుకున్నాడు. "పడితే నా మీదనే పడనియ్యి. నేను గిక్కడనే పండుకుంట."

పండుకున్నాడు. ఏదో కాసేపటి అలకలే అని భాగమ్మ అనుకుంది. సాయంత్రమైనా లేవలేదు. మరునాడు కూడా బయటికి పోయి రావడం, మళ్ళీ వచ్చి ఆ మంచం మీదే వాలడం. తిండి అక్కడే. పనికి పిలవవచ్చినవాళ్ళతో మాటలు అక్కడి నుంచే. వాడకు వార్త పాకింది. వాన పడుతున్నా, గోనెసంచులు నెత్తిన కప్పుకొని వచ్చి కిటికీలోంచి తొంగి చూశారు.

"మేస్త్రీ, ఆడపిల్లనా మొగపిల్లగాడా?" అని కిష్టప్ప బయటి నుంచి అడిగాడు.

"పోరా నీయవ్వ."

"కోపమెందుకే? బాలింతలు కోపం జెయ్యొద్దు. కాయం తింటున్నవా లేదా? మార్తక్కా, మీ బాలింతకు వెల్లుల్లి కారం పెట్టు, నడుం గట్టివడ్తది."

అందరూ నవ్వారు. చీరెల చాటున సంతోషమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వుకు మార్త ప్రాణం కొంచెం కుదుటపడింది. పాలు కూడా ఎండిపోలేదు, పిల్ల కడుపు నిండా తాగుతోంది. కాని ఆమె భయం ఎక్కడికీ పోలేదు. మంచం మీద మనిషి మారాడు, అంతే. నిన్నటిదాకా ఆ బండ కింద చంటిపిల్ల, ఇవాళ తనతో గడ్డిగుడిసె బూడిదలో నిలబడ్డ మనిషి. తాను భయపడకపోయి ఉంటే ఆయన ఆ మొండితనానికి పోయేవాడు కాదు. రేపు కప్పు పడితే ఆయన్ని చంపింది బండ అవుతుందా, తన నోరు అవుతుందా? కంచం గడపలో పెట్టి, ఆయన తింటున్నంతసేపూ తలుపు రెక్క పట్టుకొని నిలబడేది. ఆయన దగ్గితే ఉలిక్కిపడేది.

ఒక మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చింది. భాగమ్మ, సంతోషమ్మ కునుకు తీస్తున్నారు. మార్త జొన్నరొట్టె, కందిపప్పు కంచంలో పెట్టుకొని పోయింది. గడపలో పెట్టలేదు. లోపలికి నడిచి, మంచం పక్కన కింద పెట్టి, తానూ మంచం పట్టె మీద కూర్చుంది.

ఏసుదాసు లేవలేదు. పైకే చూస్తున్నాడు. కనురెప్పల మీద, మీసం మీద తెల్లటి పొడి.

"రొట్టె చల్లారుతది," అంది.

"ఊ."

ఆయన మీసం మీది పొడి తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లు బండల మీద నిలవడ్డ. కిందికెళ్ళి గింతసేపు ఎన్నడు చూడలే, మార్తా."

"నేను రోజు చూస్తుంటి."

ఆయన కంచం వైపు చెయ్యి చాపలేదు. ఆమె పట్టె మీద ఇంకొంచెం లోపలికి జరిగి సరిగ్గా కూర్చుంది.

"నువ్వు బయట కూసోపో," అన్నాడు.

"ఎందుకు? ఇక్కడ మంచిగనే ఉన్నది."

"పో అంటున్న."

"కప్పు గట్టిగున్నది గద."

"గట్టిగనే ఉన్నది. నువ్వు పో."

"గట్టిగుంటె నేనుంటె ఏమైతది?"

ఏసుదాసు గొంతు తగ్గింది. కప్పుకు వినపడకూడదన్నట్టు మాట్లాడాడు. "మార్తా, నీకు దండం పెడ్త. లెవ్వు."

"నువ్వు లేస్తే నేను లేస్త."

ఆయన ఒక మోచేతి మీద మెల్లగా లేచాడు. నులక కిర్రుమనకుండా ఒక కాలు దించాడు, తర్వాత రెండోది. ఆమె కంచం చేతిలోకి తీసుకుంది. ఇద్దరూ, నిద్రపోతున్న పసిపిల్లను విడిచి వస్తున్నట్టు, మునివేళ్ళ మీద నడిచి గడప దాటారు. గడప ఇవతలికి వచ్చాక ఏసుదాసు గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు. మార్త రొట్టె తుంచి పప్పులో అద్ది చేతిలో పెట్టింది. తిన్నాడు.

తిన్నాక కిష్టప్పను పిలిచాడు. ఇద్దరూ లోపలి గదిలో దూలం కింద రెండు గుంజలు నిలబెట్టి, కప్పు మీదికెక్కి, గచ్చు తవ్వి, ఆ దిక్కు బండలన్నీ ఒక్కొక్కటిగా దించారు. మార్తను అటు రానివ్వలేదు. ఆమె ముందు గదిలో పిల్లను ఒళ్ళో పెట్టుకొని, గడ్డపార చప్పుడు వింటూ కూర్చుంది. పొద్దు గూకే వేళకు గోడ పక్కన బండలు పేర్చి ఉన్నాయి. కొన్ని పగలకుండా ఉన్నాయి. ఒకటి మూడు ముక్కలై ఉంది. దించేటప్పుడు పగిలిందో, అంతకుముందే పగిలి ఒకదానికొకటి ఒరుసుకొని నిలబడిందో, అది మంచానికి పైదో, తలుపు దగ్గరిదో, ఏసుదాసు చెప్పలేదు. ఆమె అడగలేదు. కిష్టప్పను అడిగితే చెప్పేవాడే. అతన్నీ అడగలేదు.

కొత్త బండలు తెచ్చి పరిచేదాకా మిగిలిన వానాకాలమంతా అందరూ ముందు గదిలోనే పండుకున్నారు. భాగమ్మ వికారాబాదు పోయేటప్పుడు, "పురుడు మీ ఇంట్ల మొగోళ్ళకే కష్టమొచ్చిందే వదినె," అని నవ్వి, పిల్ల నుదుట ముద్దు పెట్టుకొని రైలెక్కింది. పిల్లకు గాలి సోకలేదు.

ఆ తర్వాత ఏసుదాసు గడ్డి, పెంక, బండ అనే ఆ పాత మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరి ఇల్లయినా అంటుకుందని, కప్పు ఉంచాలో తియ్యాలో చూడమని కబురొస్తే పోయేవాడు. సుత్తితో తట్టేవాడు, సున్నం గీకేవాడు. తర్వాత మంచం వేయించుకొని, ఇంటివాళ్ళందరినీ బయటికి పంపి, ఒక్కడే ఆ కప్పు కింద వెల్లకిలా పండుకొని చాలాసేపు చూసేవాడు. ఎందుకని అడిగితే, నిలబడి చూస్తే తెలియదని మాత్రం అనేవాడు. ఆ చూపు మీద జనానికి గురి కుదిరింది. పనికి కొదవ రాలేదు.

ఆయన ఆ పనికి పోయిన రోజు మార్త పొయ్యి వెలిగించేది కాదు. కొత్త కప్పు కింద, ఇంటి పని ఇంట్లో ఉంచి, గడపలో కూర్చునేది. కరణ్‌కోట బస్సు ఆగే చప్పుడు వాళ్ళ గడపకు వినిపిస్తుంది. బస్సు ఆగుతుంది, మనుషులు దిగుతారు, వాడలోకి ఒక్కొక్కరే వస్తారు. ముందు గోనెసంచి మోసేవాడు, తర్వాత ఎవరో ఆడమనిషి, ఆ వెనక ఇంకెవరో. ఆమె నడకలు చూసేది. ఏసుదాసు నడక కనబడితే లేచి లోపలికి పోయి పొయ్యి ముట్టించేది. ఆయన గడపలో కాళ్ళు కడుక్కుంటుంటే, ఎట్లుందని అడిగేది కాదు.

"బస్సు ఆలస్యమైంది," అనేవాడాయన.

"అయితె అయింది," అనేది, వెనక్కి తిరగకుండా, పొయ్యి ఊదుతూ.